ముసుగు వెనక పెదవులు

పోయినవారం విన్నీ ట్రాంటర్‌ను మేడమెట్ల మలుపులో వదిలేశాం. వెనకనుంచి డెంజిల్ పిలుస్తూనే ఉన్నాడు, ఆవిడ దిగుతూనే ఉంది. మలుపులో గోడకున్న అద్దంలో అతని నోరు కదలడం కనిపించి ఆవిడ తిరిగేసరికి, అతను పిలవడం మానేసి ఊరికే నిలబడి చూస్తున్నాడు. ఆ చూపు గుర్తొచ్చి విన్నీకి రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

మధ్యలో వచ్చి చేరిన పాఠకులకోసం రెండు ముక్కలు. ఇంగ్లండులో చదువుకున్న ప్రతివాడూ చదివానని చెప్పుకునే పాత నవల ఒకటుంది, ‘క్లెమెంట్ ప్లమ్ దేశాటన’ అని. రెండువందల ఏళ్ళనాటిది, ఇటుకంత లావు. దాన్ని హ్యూగో స్టాన్‌బ్రిడ్జ్ అనే దర్శకుడు నవ్వుల సినిమాగా తీస్తున్నాడు. విల్ట్‌షైర్‌లో ఒక ప్రభువుగారి బంగళా అద్దెకు పుచ్చుకుని, నెలరోజులుగా గుర్రాల్నీ, విగ్గుల్నీ, తలుపుల్లో పట్టని గౌన్లనీ అందులో తిప్పుతున్నాడు. హీరో డెంజిల్ హోబ్‌డే. హల్ రేవులో మూటలు మోసిన ఇంటి పిల్లాడు, రాసిన డైలాగు రాసినట్టు చెప్పడం నామోషీ అనుకునే కొత్తరకం నటుడు. హీరోయిన్‌కు గయ్యాళి మేనత్త ఒకావిడ ఉంది, లేడీ టాంబ్లిన్. ఆ వేషం మన విన్నీది. బతుకంతా సముద్రపుటొడ్డు ఊళ్ళలో వేసవి నాటకాలాడి, క్రిస్మస్‌కు పిల్లల్ని నవ్వించి, అరవై దాటాక తొలిసారి పెద్ద తెరమీదికి వచ్చింది.

ఆవిడకు చెవులు వినపడవు. యుద్ధంలో బ్రిస్టల్లో బాంబు పడినప్పుడు ఒక చెవి పోయింది, దానికి తోడుగా రెండోది కూడా మెల్లమెల్లగా సెలవు పుచ్చుకుంది. ఈ సంగతి యూనిట్లో ఎవరికీ తెలియదు. ఎదుటివాళ్ళ మాట ఆవిడ వినదు, చూస్తుంది. పెదవులు చూసి, మాట పోల్చుకుని, అప్పుడు జవాబిస్తుంది. ఆ పోల్చుకోవడానికి క్షణంసేపు పడుతుంది. లేడీ టాంబ్లిన్ ఎదుటివాణ్ణి పైనుంచి కిందికి చూస్తూ ఆ క్షణం ఆగి, తర్వాత ఒక్క మాట అంటే అప్పటిదాకా తీసిన రీళ్ళను సాయంత్రంపూట ఊరి క్లబ్బులో వేసుకుని చూసుకునే యూనిట్ జనం కుర్చీల్లోంచి జారిపోతున్నారు. దానికి ‘ట్రాంటర్ విరామం’ అని పేరు పెట్టారు. లండన్ పత్రికవాడు ఒకడు వచ్చి దానిమీద అర పేజీ రాసి వెళ్ళాడు. హ్యూగో అయితే అది నలభయ్యేళ్ళ సాధన అని కనిపించినవాడికల్లా చెప్తున్నాడు.

ఇక ఈవేళటి సంగతి. బంగళాలో ఇది ఆఖరి రోజు. ప్రభువుగారు శనివారంనుంచి టిక్కెట్టు పెట్టి జనాన్ని ఇల్లు చూడనిస్తారు, కాబట్టి రాత్రికి సామాను సర్దాల్సిందే. మిగిలింది ఒక్క సన్నివేశం. అది ముసుగుల నాట్యం. క్లెమెంట్ ప్లమ్ మారువేషంలో వచ్చి, మేనత్త చెయ్యి పట్టుకుని నాట్యం చేస్తూ, మేనకోడలి పెళ్ళిమాట ఎత్తుతాడు.

రిహార్సల్లో అందరూ ముసుగుల్ని పుల్లలకు గుచ్చి చేత్తో పట్టుకున్నారు. అవి కళ్ళవరకే. విన్నీ నిశ్చింతగా ఉంది. మధ్యాహ్నం హ్యూగో టీ కప్పుతో సహా గదిలోకి ఉరికొచ్చాడు. అతనికి కొత్త ఆలోచన వస్తే మొహం ఎర్రబడుతుంది. ఆ కాలంలో ఇలాంటి నాట్యాలకు గడ్డందాకా కప్పే ముసుగులు వేసుకునేవారట, మేనత్తది తప్ప మిగతా మొహాలు కనపడకుండా మాటలు మాత్రమే వినపడితే సన్నివేశం అదిరిపోతుందట. దుస్తులామె ఎక్కడినుంచో పెట్టె తెప్పించింది. తెల్లవీ, నల్లవీ, అట్టముసుగులు. కాసేపట్లో నాట్యంలో విన్నీకి తప్ప ఒక్క మనిషికీ నోరు లేకుండా పోయింది.

ఆ మొహాలన్నీ ఒకేలా, ఖాళీగా విన్నీవైపు తిరిగి ఉన్నాయి.

దానికి తోడు క్రాబ్‌ట్రీ. లండన్‌లో బీమా కంపెనీ పంపిన మనిషి. ఆమధ్య డెంజిల్ గుర్రంమీదనుంచి పడ్డాడు కదా, అంతకుముందే మోకాలు దెబ్బతిన్న సంగతి దాచినట్టు తర్వాత బయటపడింది. అప్పటినుంచి కంపెనీకి ఒళ్ళు మండుతోంది. యూనిట్లో మరొకరెవరైనా ఒంట్లో లోపం దాచినట్టు తేలితే ఆ మనిషికి బీమా రద్దని క్రాబ్‌ట్రీ పొద్దున్నే హ్యూగోకు చెప్పాడు, హ్యూగో యూనిట్టంతా చాటాడు. బీమా లేని మనిషిని స్టూడియో గుమ్మం తొక్కనివ్వరు. లేడీ టాంబ్లిన్ పాత్ర ఇంకా సగం లండన్ స్టూడియోలో తియ్యాలి. ఆ సగం ఎత్తేస్తే మొదటి సగానికీ కత్తెరే.

క్రాబ్‌ట్రీ పెదవులు కదపకుండా మాట్లాడే రకం. అందుకే పొద్దున్న పరిచయాల్లో విన్నీ అతనికి నోరు తెరిచే సందివ్వలేదు. వానగురించీ, తన మోకాళ్ళగురించీ, బ్లాక్‌పూల్లో తనతో ఆడిన ఏనుగుగురించీ ఊపిరి తీసుకోకుండా చెప్పి, అతను తేరుకునేలోపు మేకప్ గదిలోకి జారుకుంది.

ఇప్పుడాయన గది మూలన సౌండు పెట్టె పక్కన కూర్చున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుసగుసలాడకుండా ఉండడానికి సౌండు చూసే పర్సీ లవెల్ దగ్గర ఒక చిట్కా ఉంది. రెండో హెడ్‌ఫోను తీసి వాళ్ళ చెవులకు తగిలిస్తాడు. ఎంత పెద్దమనిషైనా అది పెట్టుకోగానే బుద్ధిగా కూర్చుంటాడు. క్రాబ్‌ట్రీ కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్త బొమ్మ దొరికినవాడిలా వింటున్నాడు.

మొదటి టేకు. సంగీతం మొదలైందని విన్నీకి పక్కవాళ్ళ పాదాలు చూస్తే తెలిసింది. డెంజిల్ తెల్లముసుగులో వచ్చి చెయ్యి అందుకున్నాడు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. ముసుగు ఆవిడవైపు వంగింది. మాట్లాడుతున్నాడా, అయిపోయిందా, ఇంకా మొదలే పెట్టలేదా? విన్నీ ఆగింది. అలవాటుగా పైనుంచి కిందికి చూసింది. ఇంకా ఆగింది. నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ నవ్వాపుకోవడానికి టోపీ నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత టోపీ తీసేశాడు. తర్వాత కిందికి చూశాడు. హ్యూగో చెయ్యెత్తి ఆపించాడు.

రెండో టేకులో ఆవిడ ఆగలేదు. ఆగకపోవడమే తప్పయింది. డెంజిల్ మాట సగంలో ఉండగా ఆవిడ జవాబు పడిపోయింది.

హ్యూగో దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యేశాడు. అతను ఆడా మగా తేడాలేకుండా అందర్నీ బంగారం అంటాడు.

“బంగారం, అలసిపోయావా?”

“గౌను బిగుతుగా ఉంది. ఇంకోసారి చేద్దాం,” అంది విన్నీ.

గడియారం ఆరుకు దగ్గరపడుతోంది. ఆరు కొడితే యూనియన్ నిబంధన ప్రకారం దీపాలు ఆరిపోతాయి. మొదలెట్టిన షాటు ముగించుకోవడానికి మరో పావుగంట కావాలంటే దర్శకుడు ఆరుకు ముందే మర్యాదగా అడగాలి, యూనియన్ పెద్ద అందర్నీ పోగుచేసి చేతులెత్తించాలి. ఈ యూనిట్లో యూనియన్ పెద్ద మన పర్సీయే. హ్యూగో టోపీ తీసి మరీ అడిగాడు. పర్సీ హెడ్‌ఫోను తీసి పెట్టెమీద పెట్టి, దీపాలవాళ్ళనీ వడ్రంగుల్నీ వెంటబెట్టుకుని వసారాలోకి నడిచాడు.

అప్పుడు డెంజిల్ విన్నీ మోచెయ్యి పట్టుకుని, కిటికీ దగ్గర నారింజ మొక్కల కుండీలు వరసగా పెట్టిన చోటికి తీసుకెళ్ళాడు. మొక్కల చాటున ఇద్దరు నిలబడేంత జాగా ఉంది. అతను చేసిన మొదటి పని ముసుగు తియ్యడం. తీసి చంకలో పెట్టుకుని, ఆవిడకు సరిగ్గా ఎదురుగా, వెలుతురు మొహంమీద పడేలా నిలబడ్డాడు. అలా నిలబడ్డాడంటేనే విన్నీకి సగం అర్థమైంది.

“మీకు వినపడదు కదండీ,” అన్నాడు, ప్రతి మాటా విడదీసి.

“నీ గొణుగుడు ఎవరికి వినపడుతుంది నాయనా? కొత్తరకం నటులు కదా మీరు.”

డెంజిల్ నవ్వలేదు. కిటికీవైపు మొహం తిప్పుకుని, క్షణమాగి మళ్ళీ ఇటు తిరిగాడు.

“ఇప్పుడు నేనేం అన్నానో చెప్పండి.”

నలభయ్యేళ్ళు స్టేజీమీద ఏ సందులోంచయినా దూరి బయటపడిన మనిషి, ఆ కుర్రాడి ముందు దారి దొరక్క కుండీ అంచుమీద కూలబడింది. గౌను బుస్సుమని చుట్టూ లేచింది. దాన్ని రెండు చేతులతో అణిచిపెట్టుకుంటూ, ఎంతమందికి చెప్పావని అడిగింది. ఎవరికీ చెప్పలేదన్నాడు. నిన్న మెట్లమీదే ఖాయంగా తెలిసిందనీ, అప్పట్నుంచి తనకూ నిద్రలేదనీ అన్నాడు.

“నీకెందుకు నిద్రలేకపోవడం?”

డెంజిల్ విగ్గు కింద వేలు పెట్టి గోక్కున్నాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు.

“నెల్రోజులుగా పొద్దున్నే మీకు గుడ్‌మార్నింగ్ చెప్తున్నానండీ. మీ వెనకాలే నడుస్తా, ఆ మెట్లమీదే చెప్తా. ఒక్కరోజూ పలకలేదు మీరు. పెద్దావిడ, రేవుపేట వెధవని మనిషికింద లెక్కెయ్యట్లేదనుకున్నా. మీ నాటకాలు చూసి చూసి మా అమ్మకి మీరంటే ప్రాణం. నాకు ఒళ్ళు మండిపోయింది.”

“అందుకని?”

“అందుకనే డైలాగులు మార్చి చెప్పేవాణ్ణి. కావాలనే. మిమ్మల్ని తికమకపెట్టి, అందరిముందూ నీళ్ళు నమిలించాలని. మీరేమో నా మొహంలోకి అదోలా చూసి, ఆగి, అప్పుడనేవారు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. నేనెంత మారిస్తే మీరంతసేపు ఆగేవారు. ఎంత ఆగితే అంత నవ్వు. పేపర్లో మీ ఫొటో వేశారు, నాది వెయ్యలేదు.”

విన్నీ అతన్ని చూసింది. ముందు కోపం వచ్చింది. ఈ వెధవ మార్చిన ప్రతి డైలాగుకూ తను రాత్రుళ్ళు ఎంత హడలిచచ్చిందో, సినిమాలో అందరి మాటలూ కంఠతా పట్టి కూడా పొద్దున్నే ఎంత బెదురుతూ వచ్చిందో అన్నీ గుర్తొచ్చాయి. ఆ కోపం సగంలోనే నవ్వయిపోయింది. నవ్వు ఆగక చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే ఆ విరామం మనిద్దరి కష్టార్జితమన్నమాట,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “హ్యూగోతో చెప్పకు, ఏడుస్తాడు.”

డెంజిల్ చటుక్కున వేలు పెదవులమీద పెట్టి, మెల్లిగా మాట్లాడమన్నట్టు సైగ చేశాడు. విన్నీ గొంతు తగ్గించింది, లేదా తగ్గించానని అనుకుంది. తన గొంతు ఎంత పైకి పోతోందో గొంతుమీద చెయ్యి పెట్టుకుంటే తప్ప ఆవిడకు తెలియదు, ఇప్పుడా చెయ్యి డెంజిల్ చెయ్యి పట్టుకుని ఉంది.

“చూడబ్బాయ్. నాకు బొత్తిగా వినపడదు, నిజమే. బీమా డాక్టరు గుండె చూశాడు, నాలుక చూశాడు, చెవులమాట అడగనే లేదు. నేను చెప్పలేదు. ఆ మూలన కూర్చున్నాయనకి తెలిసిందంటే లేడీ టాంబ్లిన్ రేపట్నించి ఉండదు. నాకు మళ్ళీ ఇలాంటి వేషం రాదు. ఇంకెవరూ ఇవ్వరు. ఇది నా మొదటిదీ ఆఖరుదీనూ.”

“ఆయనకి తెలీదు. నేను చెప్పను,” అన్నాడు డెంజిల్. తర్వాత ఆవిడ చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు. “ఇది తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

“నాట్యమంతా మీ చెయ్యి నా చేతిలోనే ఉంటుంది. నా మాట అవగానే నొక్కుతా. రాసిందే చెప్తా, అక్షరం మార్చను. మా అమ్మమీద ఒట్టు.”

“మరి విరామం?”

“అది మీ ఇష్టం. నొక్కింతర్వాత ఎంతసేపు ఆగాలో మీరే చూసుకోండి.”

ఇన్నాళ్ళూ విన్నీ కావాలని ఒక్కసారీ ఆగలేదు. చెవులు ఆపాయి, ఆగింది. జనం దాన్ని కళ అన్నారు, కాదని చెప్పే ధైర్యం లేక తలూపింది. ఇప్పుడు మాట ఎప్పుడు పూర్తయిందో తెలిసిపోతుంది. ఇక ఆగితే తనే ఆగాలి. అది తనకు చేతనవునో కాదో తనకే తెలియదు.

వసారాలోంచి పర్సీ తిరిగొచ్చి బొటనవేలు పైకెత్తాడు. పావుగంట దొరికింది. అప్పటికే గడియారం ఆరు దాటింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. హ్యూగో పరిగెత్తాడు, అందరూ పరిగెత్తారు, ముసుగులు మొహాలమీదికి ఎక్కాయి. ఎవరో విన్నీ గౌను వెనక కొస సరిచేసి వెళ్ళారు. ఈసారి చెడితే మరో టేకుకు టైము లేదని అందరికీ తెలుసు.

పాదాలు కదిలాయి. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. తెల్లముసుగు వంగింది. డైలాగు విన్నీకి నోటికొచ్చు: అమ్మగారూ, మీ మేనకోడల్ని ప్రేమించినవాడొకడు ఈ గదిలోనే ఉన్నాడు, వాడికి ఆస్తి లేదు, వంశం లేదు, బుద్ధి అసలే లేదు. ఆవిడ దాన్ని లోపల అతనితోపాటే చెప్పుకుంటూ తిరిగింది. చెయ్యి నొక్కుడు పడింది.

విన్నీ ఆగింది.

ముసుగును పైనుంచి కిందికి చూసింది. బూట్లదాకా చూసింది. బూట్ల దగ్గర కాసేపు ఉంది, అవి ఆవిడకు నచ్చలేదు. మళ్ళీ పైకి వచ్చింది. ఇక చాలు అని లోపల ఏదో అంది, కాదు ఇంకొంచెం అని ఆవిడే అంది. నాట్యం ఒక చుట్టు తిరిగింది. నిచ్చెనమీద ఎలక్ట్రీషియన్ టోపీ మళ్ళీ నోట్లోకి వెళ్ళింది. అప్పుడు చెప్పింది:

“అయితే మా బంధువే అయుంటాడు.”

హ్యూగో కట్ చెప్పాడో లేదో ఆవిడకు తెలియదు. గదంతా ఒక్కసారి విరుచుకుపడడం మాత్రం కనిపించింది. నాట్యం చేసేవాళ్ళు ఒకరిమీదొకరు వాలిపోతున్నారు, వడ్రంగి తొడలు కొట్టుకుంటున్నాడు, పాదాలకింద చెక్కనేల దడదడలాడుతోంది. ఆ దడ అరికాళ్ళనుంచి మోకాళ్ళదాకా ఎక్కింది. హ్యూగో వచ్చి ఆవిడ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని పౌడరు మూతికంటించుకున్నాడు. దీపాలు ఒకటొకటే ఆరుతున్నాయి, కిటికీల్లోంచి సాయంత్రపు వెలుతురు మిగిలింది. విన్నీకి గట్టిగా ఏడవాలనిపించింది, సంతోషం పట్టలేక. అది తన విరామం. ఈసారి నిజంగా తనదే.

డెంజిల్ ఎక్కడని వెతికింది. గది అవతల దుస్తులామె అతని మెడపట్టీ విప్పుతోంది. అతను నవ్వడం లేదు. మొహం తెల్లబోయి ఉంది. కిటికీ దగ్గర కుండీలవైపు చూస్తున్నాడు.

విన్నీ కూడా చూసింది. పర్సీ వంగి నారింజ మొక్కల ఆకుల్లోంచి ఏదో బయటికి లాగుతున్నాడు. నల్లటి తీగ, దాని చివర మైకు. నాట్యంలో నేలంతా పాదాలే, పెట్టే చోటు లేక పొద్దున్న మైకు ఒకదాన్ని అక్కడ దాచానని అతనే అందరికీ చూపించాడు. ఆ కంగారులో ఇద్దరికీ గుర్తులేదు. మామూలుగా షాటు ఆగగానే పర్సీ మీట నొక్కి మైకు ఆపేస్తాడు. ఈవేళ ఆపకుండానే చేతులెత్తించడానికి వెళ్ళాడు. అతని హెడ్‌ఫోను పెట్టెమీదే ఉంది. రెండోది క్రాబ్‌ట్రీ చెవులకుంది.

క్రాబ్‌ట్రీ కుర్చీలోంచి లేచాడు. హెడ్‌ఫోను తీసి, తీగ చిక్కుపడకుండా నెమ్మదిగా చుట్టి పర్సీ చేతికిచ్చాడు. బల్లమీద పోసిన ముసుగుల్లోంచి నల్లదొకటి ఎంచుకున్నాడు. నవ్వుతున్న జనం మధ్యనుంచి నడిచి వచ్చి విన్నీ ఎదురుగా నిలబడ్డాడు. ముసుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ముసుగు కొంచెం కదిలింది. ఏదో అడిగాడు. జవాబుకోసం ఆగాడు.

డెంజిల్ జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు, ఇంకా దూరంగానే ఉన్నాడు. హ్యూగోకు ఏమీ తెలియదు. విన్నీ అలా కదలకుండా, పలకకుండా నిలబడడం చూసి, బీమా మనిషికి కూడా విరామం రుచి చూపిస్తోందని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. నవ్వు గదంతా మళ్ళీ మొదలైంది. విన్నీకి ఆ నవ్వే మొహాలు కనిపిస్తున్నాయి, ఎదురుగా నోరులేని నల్లముసుగు కనిపిస్తోంది. అది దిగడం లేదు.

ఆవిడ ముసుగును పైనుంచి కిందికి చూసింది. తర్వాత చెయ్యి చాచి, దాని అంచు పట్టుకుంది.